చెరసాల నాయకుడికి పౌలు చెప్పిన మొదటి మాట

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. నేను బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. మాది అనంతపురం జిల్లా. నా రూమ్మేట్‌దీ మా జిల్లానే. ఐదు నెలల క్రితం వాడి ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. లోన్ యాప్‌లలో అప్పులు చేశాడు. వాళ్లిప్పుడు వాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడుతున్నారు. కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. సరిగా తినడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు. మొన్న "నేను లేకపోతే అందరికీ పీడ వదుల్తుంది" అన్నాడు. వాళ్లది హిందూ కుటుంబం. యేసయ్య గురించి చెప్పి ఒక ఆదివారం ఆరాధనకు తీసుకెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన వాణ్ని అందరి ముందూ నిలబెట్టి, "నీ అప్పులకు నీ పాపమే కారణం, ఈరోజే తీర్మానం చేసుకో" అన్నారు. అప్పటినుంచి వాడు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. హెచ్చరించకపోతే వాడి రక్తానికి నేనే ఉత్తరవాదినని యెహెజ్కేలు 33వ అధ్యాయం తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. వచ్చే నెల మా సంఘంలో ఉజ్జీవ కూటాలు. ఎలాగైనా వాణ్ని తీసుకెళ్లాలా? రక్షణలోకి ఎలా నడిపించాలి?
— ఒక సహోదరుడు, బెంగళూరు

సమాధానం: ప్రియ సహోదరా, మీరు రక్షణ గురించి అడిగారు. కానీ మీ ఉత్తరం చదువుతూ మేము ఆగిపోయింది "నేను లేకపోతే అందరికీ పీడ వదుల్తుంది" అన్న మాట దగ్గర. అది విసుగుతో అన్న మాట కావచ్చు, కాకపోవచ్చు. అప్పు, అవమానం, తప్పిపోయిన సంబంధం, నిద్రలేమి, ఇంట్లోవాళ్లకు దాచిన రహస్యం అన్నీ ఒకేచోట ఉన్నప్పుడు దాన్ని విసుగు కింద జమకట్టకూడదు. అందుకే ముందు ఈ రాత్రి సంగతి మాట్లాడుకుందాం.

పౌలు, సీల ఖైదీలుగా ఉన్న ఫిలిప్పీ చెరసాల సంగతి మీకు తెలుసు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము" అనే 31వ వచనం మనలో చాలామందికి కంఠతా వచ్చు. 28వ వచనం ఎంతమందికి వచ్చు? అర్ధరాత్రి భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు తనను తాను చంపుకోబోయి కత్తి దూశాడు. ఖైదీలు తప్పించుకుంటే కాపలావాడి ప్రాణం మీదికి వచ్చే కాలం అది. పేతురు తప్పించుకున్నప్పుడు హేరోదు కావలివాళ్లను చంపించిన సంగతి అదే గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. ఆ చీకట్లో పౌలు గట్టిగా కేక వేసి చెప్పింది: నీకు నువ్వు ఏ హానీ చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నాం. సువార్తలో ఒక్క ముక్క కూడా ఇంకా చెప్పలేదు. ముందు కత్తి దింపించాడు. ఆ తర్వాత ఆ మనిషే దీపాలు తెప్పించి, వణుకుతూ లోపలికి వచ్చి, వాళ్లను బయటికి తీసుకొచ్చి, రక్షణ పొందాలంటే ఏం చేయాలని అడిగాడు. 31వ వచనం ఆ ప్రశ్నకు జవాబు. మీ స్నేహితుడి విషయంలో మీరింకా 28వ వచనం దగ్గరే ఉన్నారు, అందులో తప్పేమీ లేదు.

ఇవాళ రాత్రి గదిలో ఇద్దరే ఉన్నప్పుడు సూటిగా అడగండి. "రేయ్, మొన్న నువ్వన్న మాట నా మనసులోంచి పోవట్లేదు. చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అని. ఆ మాట మనం ఎత్తితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరూ అడగరనుకున్న మాట ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువగా కలుగుతుంది. "పిచ్చి పనులు చేయవు కదా?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నలోనే "చేయను" అన్న జవాబు ఉంది, వాడు అదే చెప్పి దుప్పటి కప్పుకుంటాడు. అవునంటే ఇంకో మూడు అడగండి: ఎలా అని ఏమైనా అనుకున్నావా, ఎప్పుడని అనుకున్నావా, దానికి కావలసింది దగ్గర పెట్టుకున్నావా. వీటిలో దేనికి అవునన్నా ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలకూడదు. ఆ వస్తువు గదిలోంచి బయటికి వెళ్లిపోవాలి. దాచిపెట్టడం చాలదు.

14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ. డబ్బు పడదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీరూ చేయవచ్చు, వాడే చేయనక్కర్లేదు. ప్రమాదం దగ్గరగా ఉందనిపిస్తే హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, అది 24 గంటలూ తెరిచే ఉంటుంది. మారతహళ్లి నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో గంట దాటవచ్చు, కాబట్టి ఇంకొకర్ని వెంట తీసుకుని వెళ్లండి, వెనక సీట్లో వాడి పక్కన మీరు కూర్చోండి. ఏదైనా చేసుకున్నాడంటే మాత్రం 108, దగ్గర్లో ఉన్న ఏ ఆసుపత్రికైనా. పోలీసు కేసు అవుతుందని ఆలస్యం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, విచారించి శిక్షించకూడదు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే ఒట్టు వేయకండి. "నీ అప్పుల సంగతి ఎవరికీ చెప్పను. నీ ప్రాణం సంగతైతే చెప్తా, నీకు తెలియకుండా మాత్రం చెప్పను" అనండి. ఇంట్లో ఎవరితో చనువో వాణ్నే అడగండి. చాలా ఇళ్లలో నాన్నతో చెప్పలేనిది అక్కతోనో మేనమామతోనో చెప్పగలుగుతారు. ఆ ఫోన్ మీరు పక్కన కూర్చుని చేయించండి.

ఇక తిండీ నిద్రా. ఇవి చిన్న విషయాలని దాటేసి ఆత్మీయ సంగతులకు వెళ్లిపోవాలని మనకు తొందర. దేవుడికి ఆ తొందర లేదు. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకుంటే, దేవదూత వచ్చి అతన్ని గద్దించలేదు, ప్రసంగం చెప్పలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ వచ్చి తట్టి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, లేచి తిను అన్నాడు. దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. కాబట్టి సాయంత్రం వచ్చేటప్పుడు ఆంధ్రా మెస్‌లో రెండు పార్సిళ్లు కట్టించుకోండి. "తిన్నావా?" అని అడిగితే తిన్నానంటాడు, అందుకే ప్లేటు ముందు పెట్టి మీరూ కూర్చోండి. రెండు వారాలుగా నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉన్నాడంటే డాక్టరుకు చూపించాల్సిందే. ఇది డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. దయ్యమూ కాదు, విశ్వాసలోపమూ కాదు. మందులు రాస్తే వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మధ్యలో "ప్రార్థన చేస్తున్నాం కదా, మాత్రలు ఆపేయ్" అనేవాళ్లు ఎవరైనా సరే, వాళ్ల మాట వినొద్దని ముందే చెప్పండి. అలాంటి మందులు ఒక్కసారిగా మానేస్తే మనిషి ఇంకా కుంగిపోవచ్చు. మూడో సువార్త రాసిన లూకా వైద్యుడు, పౌలుకు ప్రియమైనవాడు కూడా. ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టడమూ వద్దు. అసలే తినని మనిషి.

అప్పుల సంగతి కూడా చూడాలి, ఎందుకంటే ఆ ఫోన్ మోగినప్పుడల్లా మీరు చెప్పిన మంచి మాటలన్నీ కొట్టుకుపోతాయి. ఒక తెల్ల కాగితం మీద యాప్ పేరు, తీసుకున్నది ఎంత, కట్టింది ఎంత, ఇంకా అడుగుతున్నది ఎంత అని వరసగా రాయించండి. అలా రాసేసరికి భయం కాస్త అంకెల్లోకి దిగుతుంది. ఒక యాప్‌కు కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం ఆ రోజే ఆగాలి. తీసుకున్న అసలు తీర్చాల్సిందే, అది వేరే సంగతి. కానీ ఫోన్లోని నంబర్లు లాగి బంధువులకు మెసేజ్‌లు పెట్టడం రిజర్వ్ బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని కూడా 2022లోనే చెప్పింది. బెదిరింపు మెసేజ్‌లు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, సహాయానికి 1930. యాప్‌కు అసలు గుర్తింపే లేకపోతే ఫిర్యాదు చేయడానికి రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్ ఉంది. మీరు మాత్రం ఆ అప్పుకు హామీ సంతకం పెట్టకండి. చెలికాడికోసం పూటపడడం గురించి సామెతలు 6వ అధ్యాయం ఎంత గట్టిగా చెప్పిందో చూడండి. పీజీ అద్దెలో కొంత, బస్సు చార్జీ, ఒక నెల భోజనం లాంటివి చేతనైతే ఇవ్వండి. ఇచ్చిన రోజు చర్చి మాట ఎత్తకండి. డబ్బు, ఆహ్వానం ఒకే రోజు చేతికి వస్తే, అవి రెండూ ఒకటేననుకుంటాడు. అవసరంలో ఉన్నవాడు మొహమాటానికి తలూపుతాడు. ఆ తలూపడం విశ్వాసం కాదు.

ఇప్పుడు ఆ ఆదివారం జరిగినదాని సంగతి. మీరు క్షమాపణ అడగాలి. తప్పు ఆ పెద్దాయనది కదా అనుకోకండి, తీసుకెళ్లింది మీరు. "ఆ రోజు నిన్ను అందరి ముందూ అలా నిలబెట్టడం తప్పు. నేను అక్కడే ఆపాల్సింది, ఆపలేదు. క్షమించు." అంతే. "కానీ ఆయన ఉద్దేశం మంచిదే" అని కలపకండి. ఆ "కానీ"తో క్షమాపణ కాస్తా పోతుంది. ఆ పెద్దాయన చెప్పింది లేఖనానికి కూడా నిలవదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదన్నారు ప్రభువు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకన్నా పాపులని అనుకోవద్దని లూకా 13లో చెప్పారు. అక్కడే, అందరూ మారుమనస్సు పొందాలనీ చెప్పారు. అంటే పాపం అందరిదీ. ఫలానా కష్టానికి ఫలానా పాపం అని లెక్క కట్టే అధికారం మనకివ్వలేదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు, అంతవరకు వాళ్లంత మంచివాళ్లు లేరు. నోరు తెరిచి లెక్కలు మొదలుపెట్టాకే దేవుడి కోపానికి గురయ్యారు.

మీరూ కొన్నాళ్లు అలా కూర్చోండి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి అరగంటో ముప్పావుగంటో, టీ తాగుతూనో నడుస్తూనో. ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది, పక్కపక్కన నడిస్తే మాట తేలిగ్గా వస్తుంది. వాడు ఆపితే వెంటనే అందుకోకండి, మౌనం తర్వాతే అసలు సంగతి వస్తుంది. "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా", "అన్నీ మన మంచికే", "దేవుడు పరీక్షిస్తున్నాడు" అనే మూడు మాటలూ మనసులో వచ్చినా పైకి అనకండి. అవి వినగానే ఇక చెప్పుకోనక్కర్లేదని అర్థమైపోతుంది.

మాట వచ్చింది కాబట్టి, మన సంఘాల్లో వాడే తెలుగు గురించి ఒకటి చెప్పాలి. చర్చిలో పెరగని మనిషికి మన మాటలు వేరేగా వినిపిస్తాయి. "రక్షణ" అంటే వాడికి రక్షణ శాఖ, పోలీసు రక్షణ. "నీకు సమాధానం దొరుకుతుంది" అంటే ఏ ప్రశ్నకు అనుకుంటాడు, మనం చెప్పేది మనశ్శాంతి అని వాడికెలా తెలుస్తుంది? "వాక్యం" అంటే వ్యాకరణం, "సాక్ష్యం" అంటే కోర్టు, "అభిషేకం" అంటే గుడిలో పాలతో చేసేది. ఇక "ఆత్మల సంపాదన" అని వాడి ముందు ఎవరైనా అంటే ఏమనుకోవాలి? కాబట్టి రక్షణ అనే చోట "దేవుడు మనల్ని క్షమించి తన దగ్గరికి చేర్చుకోవడం" అనండి. మారుమనస్సును "వెళ్లే దారి తప్పని తెలిసి దేవుడివైపు తిరగడం" అనండి. కృప అంటే "అర్హత లేకపోయినా ఇచ్చేది". బైబిలు ఇచ్చేటప్పుడు కూడా వాడుక భాషలో ఉన్న అనువాదం ఇవ్వండి. మనకు నోటికొచ్చిన పాత అనువాదం గ్రాంథికం, కుంగిపోయిన మనిషి రెండు వచనాలు చదివి మూసేస్తాడు. మొదట మార్కు సువార్త చాలు. 16 అధ్యాయాలే, రోజుకొకటి అయితే 16 రోజులు. చీకటి రాత్రులకు 88వ కీర్తన చూపించండి, అది చివరిదాకా చీకట్లోనే ముగుస్తుంది. ఇలాంటి ప్రార్థన కూడా దేవుడు వింటాడా అని వాడే ఆశ్చర్యపోతాడు.

ప్రార్థన చేయాలనిపిస్తే ముందు అడగండి: "నీకోసం ఒక్క నిమిషం ప్రార్థన చేయనా?" వద్దంటే "సరే" అని ఊరుకోండి, మీ మంచం దగ్గర మీరు చేసుకోవచ్చు. సరేనంటే ఒక్క నిమిషమే, మామూలు గొంతుతో, వాడు చెప్పిన సంగతులే. "ప్రభువా, వీడికి ఈ రాత్రి నిద్ర ఇవ్వు, రేపు అక్కతో మాట్లాడే ధైర్యం ఇవ్వు." కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉండి వాడికి బోధ చేయకండి. అది అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

ఒకరోజు వాడే అడుగుతాడు. "నువ్వు ఎందుకురా ఇదంతా చేస్తున్నావ్?" అనో, "మీ యేసు నాలాంటివాణ్ని పట్టించుకుంటాడా?" అనో. చెరసాల నాయకుడి ప్రశ్న ఈ రోజుల్లో ఇలాగే వస్తుంది. అప్పుడు దాటవేయకండి, పది నిమిషాల్లో స్పష్టంగా చెప్పండి. దేవుడు మనల్ని ప్రేమించి చేశాడు. మనమందరం, నేను కూడా, ఆయన్ను కాదని మన దారిన వెళ్లాం, రోమా 3:23. ఇక్కడ "నేను కూడా" అన్నది మింగేస్తే, ఆ ఆదివారం మళ్లీ జరుగుతుంది. మనం పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం సిలువమీద చనిపోయాడు, రోమా 5:8. బాగుపడ్డాక కాదు, అప్పులు తీర్చాక కాదు. మూడో రోజున లేచాడు, బతికున్నాడు. ఆయన్ను ప్రభువని ఒప్పుకుని, దేవుడు ఆయన్ను లేపాడని మనసారా నమ్మితే చాలు, రోమా 10:9. ఆ తర్వాత వాడి మాటల్లోనే వాడు దేవుడితో మాట్లాడనివ్వండి. మనం చెప్పే ప్రార్థనను వెంట పలికించడం కన్నా, లూకా 18లో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన చూపించండి. దేవా, పాపినైన నన్ను కరుణించు. అది ఒక్క వాక్యమే, దానితోనే అతను నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు.

ఒక్కటి మాత్రం వాగ్దానం చేయకండి: యేసును నమ్ముకుంటే ఉద్యోగం వస్తుంది, అప్పు తీరుతుంది, సంబంధం మళ్లీ కుదురుతుంది అని. చాలామంది వెనక్కి వెళ్లిపోయేది ఇక్కడే. మూడు నెలలకు ఉద్యోగం రాకపోతే, మీరు చెప్పిన ఉద్యోగంతోపాటు మీరు చెప్పిన యేసు కూడా అబద్ధమనుకుంటాడు. ప్రభువు పిలిచింది ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్లను, ఇస్తానన్నది విశ్రాంతి, మత్తయి 11:28. అదే చెప్పండి, దానికి మనం ఏమీ కలపనక్కర్లేదు.

వాడు నమ్మానన్నా బాప్తిస్మానికి తొందరపెట్టకండి. నిద్ర సరిపడి, మనసు కుదుటపడి, ఇంట్లోవాళ్లతో తనే మాట్లాడగలిగే స్థితికి రానివ్వండి. నిరాశలో తీసుకున్న నిర్ణయం తనదో, మీదో తనకే తెలియదు. నమ్మనంటే? స్నేహం అలాగే ఉండాలి. పదిమంది కుష్ఠురోగుల్లో తొమ్మిదిమంది తిరిగి రాలేదు. వాళ్ల స్వస్థతను ప్రభువు వెనక్కి తీసుకోలేదు.

యెహెజ్కేలు 33 మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదన్నారు. అది ఖడ్గం వస్తోందని తెలిసి బాకా ఊదని కావలివాడి గురించి. మీరు ఊరుకోలేదు, ఉత్తరం రాశారు. ఆ పుట తిప్పి 34 కూడా చదవండి. అక్కడ దేవుడు కాపరులను నిలదీస్తున్నది వేరే విషయానికి: బలహీనమైనదాన్ని బలపరచలేదని, గాయపడినదానికి కట్టు కట్టలేదని. మీకిప్పుడు అప్పగించింది ఆ కట్టు కట్టే పని. నాటేది ఒకరు, నీళ్లు పోసేది ఒకరు, వృద్ధి దేవుడిది, 1 కొరింథీ 3:6. అదీగాక, ఈ బరువు ఒక్కరే మోయకండి. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపారు. నోరు జారని ఇంకో సహోదరుణ్ని కలుపుకోండి. రాత్రి కాపలా అవసరమైతే వంతులు వేసుకోండి. మీకూ నిద్ర కావాలి.

ఉజ్జీవ కూటాలకు ఈసారి తీసుకెళ్లకండి. మైకులు, జనం, చేతులెత్తమని పిలుపులు, ఇవన్నీ వాడికి ఆ ఆదివారాన్నే గుర్తుచేస్తాయి. వాడంతట వాడు వస్తానంటే, ముందురోజే మీ పాస్టరుగారితో మాట్లాడండి: నిలబెట్టకూడదు, పేరు అడగకూడదు, ఫొటో తీయకూడదు. చివరి వరుసలో గుమ్మం పక్కన కూర్చోండి. మధ్యలో లేచి వెళ్దామంటే ఎందుకని అడక్కుండా లేవండి.